వెర్లీ నిద్రపోయే కొండ

వెర్లీ స్టిడమ్ చచ్చిపోయిందన్న సంగతి వెర్లీకి రేడియోలో తెలిసింది. ఆ సమయానికి ఆమె అక్క ఇంటి వసారాలో కూర్చుని, ఒడి నిండా చిక్కుడుకాయలు పోసుకుని, చలికాలానికి ఎండబెట్టుకోవడానికి సూదీ దారంతో దండలు గుచ్చుతోంది. ఇరవై నాలుగేళ్ళ మనిషి. ఒంట్లో జలుబు కూడా లేదు.

అక్క దగ్గరికి రావడానికి కారణం ఆవు. కెంటకీ కొండల్లో క్విలెన్ లోయలో వెర్లీ కాపురం. ఆమె మొగుడు హోబర్ట్ వారమంతా బొగ్గు గనిలో పనిచేసి, శనివారం మధ్యాహ్నం మొహం కడుక్కుని ఊళ్ళో రేడియో స్టేషనుకి పాటలు పాడటానికి పోయేవాడు. సొంత గిటారు ఉండేది కాదు. ఒకరోజు వెర్లీ చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి కొట్టంలో పాన్సీ లేదు. పాన్సీ అంటే ఆమె పుట్టింటి నుంచి తోలుకొచ్చుకున్న ఆవు. వసారాలో మాత్రం నిగనిగలాడే గిటారు ఒకటి గోడకి ఆనుకుని ఉంది.

"పాలిచ్చే గొడ్డునిచ్చి ఈ డొల్ల పెట్టె తెచ్చావా?" అంది వెర్లీ.

"ఇది కూడా ఇస్తుందే. కాస్త ఓపిక పట్టు."

"ఏమిస్తుంది? మజ్జిగా?"

హోబర్ట్ నవ్వాడు. అదే అతను చేసిన తప్పు. నవ్వకుండా తల వంచుకుని ఉంటే కథ ఇంకోలా ఉండేది. వెర్లీ రెండు గౌన్లు మూట కట్టుకుని, "ఈ గడప మళ్ళీ తొక్కితే అడుగు" అని చెప్పి, కొండ దాటి వర్జీనియా వైపున్న అక్క ఓమా ఇంటికి వచ్చేసింది. చూస్తూ ఉండగానే రెండు వారాలైంది. హోబర్ట్ రాలేదు. వెర్లీ వెళ్ళలేదు. చిక్కుడు పంట చేతికొచ్చింది.

ఆ శనివారం ఓమా రేడియో పెట్టింది. హోబర్ట్ గొంతు వినిపించగానే వెర్లీ కాయలు గుచ్చడం ఆపలేదు గానీ, సూది కాస్త గట్టిగా పొడవడం మొదలుపెట్టింది. "ఇది కొత్త పాటండీ. ఈ మధ్యే కట్టాను" అన్నాడు హోబర్ట్. తర్వాత గిటారు మెల్లగా మోగింది.

*కొండ మీద డాగ్‌వుడ్డు తెల్లగా పూసింది,*
*దాని నీడ కింద నా వెర్లీ కన్ను మూసింది.*
*గాలీ, మెల్లగ పోవే, దాన్ని నువ్వు లేపకే,*
*లేచినా నా ఇంటి దారి దానికింక తెలియదే.*

రెండో చరణానికి ఓమా కళ్ళొత్తుకుంది. మూడో చరణంలో వెర్లీకి జ్వరం వచ్చి, చేతిలో చెయ్యేసి, దీపం కొండెక్కినట్టు పోయింది. అప్పటికి ఓమా అప్రాన్‌లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"అక్కా, నేనిక్కడే ఉన్నాను" అంది వెర్లీ.

"తెలుసే! తెలిసినా ఆగట్లేదు. ఎంత పని జరిగిపోయిందే తల్లీ!"

"ఏం జరగలేదు. కాయలు ఇటివ్వు."

"నీకు గుండె లేదే. చచ్చినదానివి నువ్వు కాబట్టి నీకు తెలీట్లేదు, మిగిలినవాళ్ళకి తెలుస్తుంది."

వెర్లీ ఒళ్ళో కాయలన్నీ అక్క ఒళ్ళో గుమ్మరించి లేచింది. బావ పాత ట్రక్కులో సగం దూరం దింపాడు, మిగిలిన కొండ దారి నడిచింది. నడుస్తున్నంతసేపూ హోబర్ట్‌ని ఏమేం అనాలో వరసగా పేర్చుకుంటూనే ఉంది. తీరా ఇంటికొచ్చేసరికి హోబర్ట్ వసారా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, లోపలి నుంచి మాడిన వాసన వస్తోంది. పేర్చుకున్నవాటిలో ఒక్కటీ గుర్తు రాలేదు.

"పొయ్యి మీద ఏం పెట్టావు?"

"బీన్సు. పొద్దున్న పెట్టాను."

ఆమె లోపలికెళ్ళి గిన్నె దించి, బయటకొచ్చి చేతులు నడుం మీద పెట్టుకుంది. "నన్ను జ్వరంతో చంపావా?"

"వింటావనుకోలేదు."

"నాకు పెళ్ళయ్యాక ఒక్కరోజు జ్వరం వచ్చిందా? పైగా కొండ మీద డాగ్‌వుడ్డంట. మన కొండ మీద డాగ్‌వుడ్డు ఎక్కడుంది? పాప్లర్ మొద్దొకటుంది."

"పాప్లర్ మొద్దు పాటలో ఒదగదే వెర్లీ."

"సరే, చెట్టు సంగతి ఒప్పుకున్నాను. అంత చంపాల్సిన అవసరం ఏమొచ్చింది?"

హోబర్ట్ టోపీ తీసి మోకాలికి తగిలించుకున్నాడు. "మా ఆవిడ ఆవు కోసం అలిగి అక్కగారింటికి పోయింది అని పాడితే జనం నవ్వుతారు. నవ్వితే నాకు ఏడుపొస్తుంది. అందుకని వాళ్ళనే ఏడిపిద్దామనుకున్నాను."

"నా ఇంటి దారి నాకు తెలియకపోవడమేంటి?"

"తెలిస్తే వచ్చేదానివి కదా అనుకున్నాను."

వెర్లీ లోపలికెళ్ళింది. మాడిన బీన్సు గిన్నెలో పైన మిగిలినవి గరిటెతో తీసి, మొక్కజొన్న రొట్టె చేసి, ఇద్దరికీ వడ్డించింది.  మర్నాడు, "ఆ పాట ఇంకెక్కడా పాడకు. అపశకునం" అంది.

"పాడనులే" అన్నాడు హోబర్ట్.

కానీ పాట అప్పటికే ఇల్లు దాటిపోయింది. రేడియో స్టేషనుకి ఉత్తరాలు బుట్టల్లో వచ్చాయి. నాష్‌విల్ నుంచి రికార్డుల కంపెనీ మనిషి ఒకడు బురదలో బూట్లు కూరుకుపోతుంటే లోయలోకి నడిచొచ్చాడు. చెమ్కీ చొక్కాల పెద్ద గాయకుడొకడు ఆ పాటని రికార్డుగా పాడాడు. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఒకాయన గుర్రం పరుగెత్తినట్టు గబగబా పాడాడు. ఒకామె మొగుడు పోయినట్టు మార్చి పాడింది. ట్రక్కులు ఆగే హోటళ్ళ జ్యూక్‌బాక్సుల్లో, సైనికుల బారకాసుల్లో, బొగ్గు కొండలు వదిలి కార్ల ఫ్యాక్టరీలకి వలసపోయిన వాళ్ళ ఇరుకు గదుల్లో వెర్లీ రోజూ చచ్చిపోతూనే ఉంది. ఆడపిల్లలకి ఆ పేరు పెట్టారు. టేపు రికార్డరు పట్టుకుని వచ్చిన ఒక కాలేజీ ఆయన, ఈ పాట రెండు వందల ఏళ్ళ నాటిదై ఉంటుందన్నాడు. "అందుకే అన్నమాట నాకీ నడుం నొప్పి" అన్నాడు హోబర్ట్.

పాట తెచ్చిన డబ్బుతో ఇంటికి కొత్త రేకులు పడ్డాయి. కొట్టంలోకి మళ్ళీ ఆవు వచ్చింది. ఆవు కంటే ముందే కూతురు జ్యూనెల్ పుట్టింది. ఆ పిల్ల బళ్ళో చేరిన మొదటి వారం, వేరే ఊరి నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ పిల్ల పేరు, తండ్రి పేరు విని గబుక్కున దగ్గరికి తీసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిల్ల ఇంటికి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, నువ్వు చచ్చిపోయావా? టీచరు చెప్పింది" అంది.

"సాయంత్రం చెప్తాను, ముందు కోళ్ళకి గింజలు వెయ్యి" అంది వెర్లీ.

లోయలో వాళ్ళకి ఇదంతా పెద్ద వినోదం. కొట్టుకి వెళ్తే, "రా వెర్లీ, నిన్న రాత్రి రేడియోలో పోయావుగా, ఒంట్లో ఎలా ఉంది?" అనేవాళ్ళు. ఫిడేలు వాయించే పక్కింటి క్లీట్ కోంబ్స్ అయితే ఆమె కనిపించినప్పుడల్లా టోపీ తీసి గుండెకి ఆనించుకునేవాడు. "టోపీ పెట్టుకో క్లీట్, బట్టతల మెరుస్తోంది" అనేది వెర్లీ. తను మాత్రం ఆ పాట నోట ఒక్కసారి కూడా అనేది కాదు. గిన్నెలు తోముకుంటూ ప్రపంచంలో పాటలన్నీ కూనిరాగం తీసేది, ఆ ఒక్కటి తప్ప.

అలా నడుస్తుండగా ఒక వేసవిలో ఒహాయో నంబరున్న కారొకటి వచ్చి ఇంటి ముందు ఆగింది. నడివయసు జంట దిగారు. ఆయన కారు దగ్గరే నిలబడిపోయాడు. ఆవిడ చేతిలో కాగితం పూల గుత్తి పట్టుకుని వసారా దగ్గరికి వచ్చింది. వెర్లీ చేతులకి పిండి ఉంది.

"హోబర్ట్ స్టిడమ్ గారి ఇల్లిదేనా అమ్మా?"

"ఇదేనమ్మా. ఆయన గనికెళ్ళాడు."

"ఆయనతో పని లేదులెండి. వెర్లీ గారి సమాధి ఎక్కడో చూపిస్తారేమోనని."

వెర్లీకి నవ్వు పెదవుల దాకా వచ్చింది. 'మీ ముందు నిలబడి రొట్టె పిండి కలుపుతోంది' అనబోయింది. ఈలోగా ఆవిడే మొదలుపెట్టింది.

"మాదీ ఈ కొండలేనమ్మా, పైన నాట్ కౌంటీ. పనికోసం ఒహాయో పోయాం. మా పిల్లని తొమ్మిదో ఏట పోగొట్టుకున్నాం. మా ఇంటి వెనక కొండ మీదే పెట్టుకున్నాం. మొన్న పూలు పెడదామని వెళ్తే ఆ కొండ లేదు. బొగ్గు కోసం పైనుంచి కోసి పారేశారు. సమాధులు వేరేచోటికి మార్చామన్నారు. ఎక్కడికి మార్చారో ఎవరికీ తెలీదు." ఆవిడ పూలగుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఈ పూలు తిరిగి ఇంటికి తీసుకుపోలేకపోయాను. మా ఆయన కారులో ఈ పాట వస్తే, పోనీ వెర్లీకైనా కొండ ఉంది కదా, అక్కడ పెట్టేసి పోదాం అన్నాను. మీకేమన్నా అభ్యంతరమా?"

వెర్లీ చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది.

"రండి, చూపిస్తాను" అంది.

ఇంటి వెనక గట్టెక్కించి, పాప్లర్ మొద్దు దాటాక, గడ్డి కాస్త గుబురుగా ఉన్న ఒక చదును చోటు చూపించింది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని పూలు పెట్టి, మట్టి మీద అరచేయి ఆనించి చాలాసేపు ఉండిపోయింది. వెర్లీ పక్కన నిలబడి, ఆ మట్టి కింద తను లేనందుకు మొదటిసారి సిగ్గుపడింది.

కిందికి దిగుతున్నప్పుడు ఆవిడ అడిగింది. "రాయి పెట్టలేదే?"

"పెట్టాలమ్మా. చేతులు ఆడక."

"డాగ్‌వుడ్డు చెట్టు?"

"అది... పిడుగు పడింది."

"అయ్యో. మీరు ఆయన రెండో భార్యా?"

వెర్లీ ఒక్క క్షణం ఆలోచించింది. ఇంకో దారి కనపడలేదు. "అవునమ్మా, రెండోదాన్నే" అంది.

అలా తనకి తనే సవతి అయింది.

హోబర్ట్ గని నుంచి వచ్చి, నల్లటి మొహంతో తొట్టిలో కూర్చుని, వీపు మీద ఆమె నీళ్ళు పోస్తుంటే సంగతంతా విన్నాడు. "నిజం చెప్పేయాల్సింది కదే" అన్నాడు.

"ఆ మనిషి మొహం చూస్తూ నువ్వైతే చెప్పేవాడివా? అబద్ధం మొదలుపెట్టింది ఎవరు? రేపు ఆదివారం వాగులోంచి మంచి రాయి ఒకటి తెచ్చి అక్కడ పెట్టు. డాగ్‌వుడ్డు మొక్క కూడా."

"నీ సమాధికి నన్ను రాయి మోయమంటున్నావా?"

"ఇంకెవరు మోస్తారు? నువ్వేగా పెళ్ళాం పోయినవాడివి."

హోబర్ట్, క్లీట్ కలిసి రాయి మోసుకెళ్ళారు. డాగ్‌వుడ్డు మొక్క రెండుసార్లు ఎండిపోయి మూడోసారి పట్టుకుంది. జనం రావడం మాత్రం ఆగలేదు. జార్జియా నుంచి, మిషిగన్ నుంచి, ఒకసారి జపాన్ నుంచి కూడా వచ్చారు. ఆ జపాన్ కుర్రాడికి పాట తప్ప ఇంగ్లిష్ ముక్క రాదు, పాట మాత్రం పొల్లు పోకుండా వచ్చు. చాలామంది వెర్లీ వైపు కొంచెం ఓరగా చూసేవాళ్ళు. అంతటి ప్రేమ చోట ఈవిడెలా వచ్చి కూర్చుంది అన్నట్టు.

"మొదటావిడ దేవతలాంటి మనిషటగా?" అని ఒకామె అడిగింది.

"ఏమో. నోరు కాస్త పెద్దదని చెప్పుకునేవాళ్ళు" అంది వెర్లీ. లోపల కూర్చున్న హోబర్ట్ కాఫీ పొలమారి దగ్గాడు.

నాష్‌విల్‌లో అభిమానుల సంఘం వాళ్ళు చందాలు వేసుకుని పాలరాయి పలక పంపారు. దాని మీద పేరు చెక్కడంలో ఒక అక్షరం తప్పు పోయింది. వెర్లీ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "నా పేరే సరిగ్గా రాయలేదు" అని నొచ్చుకుంది. "నువ్వు కాదులే, వేరే వెర్లీ అనుకో" అన్నాడు హోబర్ట్. మే నెలాఖరులో లోయ అంతా తమ తమ వాళ్ళ సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టుకునే ఆదివారం, వెర్లీ అమ్మానాన్నల సమాధులు అయ్యాక, పార భుజాన వేసుకుని పైకెక్కి తన సమాధి చుట్టూ కూడా కలుపు తీసేది. మొదట్లో నవ్వుకుంటూ తీసేది. పోను పోను నవ్వడం మానేసింది. అక్కడ జనం వదిలి వెళ్ళినవన్నీ ఉండేవి: కాగితం పూలు, చంటిపిల్లల బూట్లు, ఎవరిదో పెళ్ళి ఉంగరం, సైనికుడి టోపీ. వానకి తడవకుండా వాటిని రాయి చాటుకు సర్దిపెట్టేది.

"మనది కాని ఏడుపు చాలా పోగైంది హోబర్ట్ అక్కడ" అంది ఒకసారి.

"ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదే వాళ్ళు మాత్రం" అన్నాడతను.

ఏళ్ళు గడిచాయి. గని మూతపడింది, కానీ గనిలో దుమ్ము హోబర్ట్ ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. పాడటం పోయింది, తర్వాత మెట్లెక్కడం పోయింది. ముక్కుకి గొట్టం పెట్టుకుని, పక్కన ఆక్సిజన్ సిలిండరుతో వసారాలో కూర్చునేవాడు. జ్యూనెల్ ఊళ్ళోనే నర్సు. పొద్దునా సాయంత్రం వచ్చి తండ్రిని చూసుకుని పోయేది.

అలాంటి రోజుల్లో, రోడ్డు పక్కన చరిత్ర ఫలకాలు పెట్టే ప్రభుత్వ ఆఫీసు నుంచి లినెట్ అనే అమ్మాయి వచ్చింది. కలుపుగోలు పిల్ల. వచ్చీ రాగానే కాఫీ తనే కలుపుకుంది. సమాధి దగ్గర ఫలకం పెట్టాలనుకుంటున్నారట. వివరాలన్నీ రాసుకుంటూ, "వెర్లీ గారు ఏ సంవత్సరంలో పోయారండీ?" అని అడిగింది.

హోబర్ట్ ఊపిరి కూడదీసుకుని వేలు చూపించాడు. "దాన్నే... అడుగు."

"ఇంకా తేలలేదమ్మా" అంది వెర్లీ.

లినెట్ కలం అలాగే పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వెర్లీ ఇన్నేళ్ళ కథ, ఆవు దగ్గర్నుంచి, మొత్తం చెప్పింది. ఆ పిల్ల ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కుర్చీ పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్ళు నవ్వుకి వచ్చినవేనా కాదా అని వెర్లీకి అనుమానం వచ్చింది. అడిగితే చెప్పింది. "మా నాన్నని పెట్టిన రోజు ఈ పాటే పాడారండీ."

"అయితే ఇప్పుడు ఏం రాస్తావు?" అంది వెర్లీ, గొంతు తగ్గించి.

"మీరేం రాయమంటే అది."

"ఆ ఒహాయో ఆవిడ బతికుందో లేదో. ఆవిడ చదివినా బాధపడనిది ఏదైనా రాయి."

ఈ పాట ఈ కొండ కింద పుట్టింది అని మాత్రమే రాసి, చావు ఊసెత్తకుండా ఫలకం పెట్టించింది లినెట్. లోయలో అందరూ చదివి, వెర్లీని చూసి కన్నుకొట్టారు.

ఆ చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం హోబర్ట్ వెర్లీని పక్కన కూర్చోమన్నాడు. మాటకీ మాటకీ మధ్య చాలా ఎడం పడుతోంది.

"నన్ను పైన పెట్టండి. నీ పక్కన."

"నేనక్కడ లేను కదయ్యా."

"వస్తావుగా."

వెర్లీ అతని దుప్పటి సర్దింది. సర్దాల్సిన పని లేకపోయినా సర్దింది.

"తొందరేం లేదు" అన్నాడు హోబర్ట్. "దారి తెలుసుగా. మెల్లగా రా."

ఫిబ్రవరిలో పోయాడు. జ్యూనెల్ ఒక చెయ్యి, వెర్లీ ఒక చెయ్యి పట్టుకుని ఉండగా, తెల్లారి వెలుగు కిటికీలోకి వస్తుండగా పోయాడు. నేల గడ్డకట్టి ఉంది. క్లీట్ కొడుకులు గునపాలతో పొడిచి పొడిచి గొయ్యి తీశారు. పాటలో ఉన్నట్టు పూలేమీ లేవు. డాగ్‌వుడ్డు వట్టి పుల్లలతో, కొమ్మల చివర బూడిదరంగు మొగ్గలతో నిలబడి ఉంది. జనం గట్టు నిండా నిలబడ్డారు. వాళ్ళ చర్చివాళ్ళు పాటకి వాయిద్యాలు ఒప్పుకోరు. పాస్టరు ప్రార్థన ముగించి, కాస్త పక్కకి జరిగి, క్లీట్ వైపు తలాడించాడు. అంతకంటే ఎక్కువ ఒప్పుకుంటే బాగుండదని ఆయన ఉద్దేశం.

క్లీట్‌కి ఎనభై దాటాయి. కమాను చేతిలో వణికింది, తీగ మీద ఆనాక వణకలేదు. జ్యూనెల్ పాడాలి. మొదటి పాదం పాడింది. *దాని నీడ కింద నా వెర్లీ* దగ్గరికి రాగానే, ఎదురుగా కుర్చీలో గొంగళి కప్పుకుని కూర్చున్న తల్లిని చూసి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. క్లీట్ ఆ ముక్కే తిప్పి తిప్పి వాయిస్తున్నాడు. ఎవరైనా అందుకుంటారేమోనని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాట అందరికీ వచ్చు. ఎవరూ నోరు తెరవలేదు.

వెర్లీ కుర్చీలోంచి లేచింది.

ఆమె గొంతు పాటకి అలవాటు పడినది కాదు. శ్రుతి ఒక చోటుంటే ఆమె ఇంకో చోట ఉంది. క్లీట్ ఫిడేలు శ్రుతిని ఆమె గొంతు దగ్గరికి దింపుకున్నాడు. *నా వెర్లీ కన్ను మూసింది* అని తన పేరు తనే పెట్టి పాడింది. ఎవరూ నవ్వలేదు. చరణాలన్నీ ఆమెకి వచ్చు. నోట అనలేదన్న మాటే గానీ నలభై ఏళ్ళు విన్నది. జ్వరం చరణం పాడింది, చేతిలో చెయ్యి చరణం పాడింది. ఇవన్నీ హోబర్ట్ మెట్ల మీద ఒంటరిగా కూర్చుని, ఆమె ఇక రాదేమోనని భయపడుతూ కట్టిన మాటలని ఆమెకి తెలుసు. ఆ భయం ఎలా ఉంటుందో మాత్రం ఈ పూటే తెలిసింది. ఆఖరి పాదం దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, పూర్తి చేసింది.

క్లీట్ కమాను దించి టోపీ తీశాడు. ఈసారి వెర్లీ టోపీ పెట్టుకోమనలేదు.

కాసేపయ్యాక ఆమే అంది. "పదండి, చలిలో ఎంతసేపు నిలబడతారు? కింద చికెన్ డంప్లింగులు చల్లారిపోతున్నాయి. ఓమా అక్క పొరల కేకు చేసుకొచ్చింది. తినకుండా ఎవరైనా వెళ్తే ఊరుకోను."

ఏప్రిల్‌లో మళ్ళీ మొదటి కారు వచ్చింది. అలబామా నుంచి ఒక ట్రక్కు డ్రైవరు, భారీ మనిషి, అరచేతుల్లో టోపీ నలుపుకుంటూ వసారా ముందు నిలబడ్డాడు. పేరు రాయ్‌డన్ అన్నాడు. భార్య పోయి ఏడాదైందట.

"వెర్లీ గారి సమాధి ఇక్కడేనా అమ్మా?"

వెర్లీ ఉల్లికాడల మొక్కలు నాటుతోంది. నడుం ఎత్తి అతన్ని చూసింది. నోటికి పాత జవాబే వచ్చింది. కానీ చెప్పబుద్ధి కాలేదు. ఇప్పుడు కొండ మీద నిజంగా ఒక మనిషి ఉన్నాడు. అతని పక్కన నిలబడి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆమెకి కనపడలేదు.

"వెర్లీని నేనే నాయనా" అంది.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"భయపడకు, దెయ్యాన్ని కాదు. అప్పుడు చావలేదు. ఇప్పటికీ చావలేదు. పైనున్నది ఆ పాట కట్టిన మా ఆయన."

రాయ్‌డన్ మెట్టు మీద కూలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "ఏడాది నుంచి ట్రక్కులో అదే పాట పెట్టుకుని ఏడుస్తున్నానమ్మా నేను. ఆయన బాధ నా బాధలాంటిదే అనుకుని. ఆయనకసలు ఎవరూ పోలేదా?"

"నేను పోయాననే అనుకున్నాడు రెండు వారాలు."

"రెండు వారాలు!"

"నీకది తక్కువే. నాకూ తక్కువే అనిపించేది." వెర్లీ చేతి మట్టి దులుపుకుంది. "నేను ఆయన్ని పంపించి రెండు నెలలైంది. అప్పట్నుంచి ఆ పాట ఎన్నిసార్లు పెట్టుకున్నానో. ఒక్క మాట కూడా తప్పు లేదబ్బాయ్ అందులో. ఎలా తెలిసిందో ఆ వెధవకి."

 రాయ్‌డన్ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

"మీ ఆవిడ పేరేంటి?" అంది వెర్లీ.

"మోజెల్."

"వంట బాగా చేసేదా?"

"ఘోరంగా చేసేదమ్మా. బిస్కట్లు గోడకేసి కొడితే గోడ పగిలేది."

"అయితే మా ఆయన బీన్సుకి సరిజోడే. రా, మోజెల్ సంగతులు చెప్పు దారిలో. గట్టు కాస్త నిటారుగా ఉంటుంది, నాకు చెయ్యి అందించాలి నువ్వు."

ఇద్దరూ మెల్లగా పైకెక్కారు. రాయ్‌డన్ తెచ్చిన పూలు హోబర్ట్ మట్టి మీద సగం పెట్టి, సగం చేతిలోనే ఉంచుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. "పక్కనే పెట్టు. అది ఖాళీయే, మోజెల్‌ది అనుకో ఈ పూటకి" అంది వెర్లీ. పెట్టాడు. గాలికి చెదరకుండా వెర్లీ వాటి మీద చిన్న రాయి పేర్చింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అక్కడే గడ్డిలో కూర్చుని ఇద్దరూ తమ తమ మనుషుల మీద చాడీలు చెప్పుకున్నారు.